కొంగల భార్యలకు కబురు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఒక్క మా మేనత్తకే తెలియదు. ఆవిడ ఎదురుగా నాకు పిల్లికూన గొంతు వస్తుంది. నన్ను పెంచింది ఆవిడ. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చింది కూడా ఆవిడ చెప్పిన కథల మాయలో పడే.

అత్త మా పాత రికార్డుల ఆఫీసులోనే టైపిస్టు. ముప్ఫై ఏళ్ళుగా ఒకే ఒక్క దొరగారి ఉత్తరాలు కొడుతోంది. నూట యాభై ఏళ్ళ కిందట ఇంగ్లాండు నుంచి వచ్చి వంతెనలు కట్టించిన అధికారి ఆయన. పగలంతా వంతెనలు, తీరిక దొరికితే పిట్టలు. ఒక ఉత్తరం పై అధికారికి రాస్తే, ఇంకోటి తన దేశంలోని పక్షిశాస్త్ర పండితుడికి.

ఆ రోజుల్లో పంపే ప్రతి ఉత్తరానికీ నకలు తీసి ఉంచుకునేవాళ్ళు. పల్చటి కాగితాల పుస్తకంలో ఒక కాగితం తడిపి, రాసిన ఉత్తరాన్ని దానికి ఆనించి, ఇనుప యంత్రంలో బిగించేవారు. సిరా కొంత ఆ తడి కాగితంలోకి దిగేది. అసలు ఉత్తరాలు ఓడెక్కి వెళ్ళిపోయాయి. మా దగ్గర మిగిలింది ఈ నీడలే.

చిన్నప్పుడు సాయంత్రాలు బాల్కనీలో కూర్చోబెట్టి జడ వేస్తూ, ఆ రోజు కొట్టిన ఉత్తరం చెప్పేది అత్త. "నాలుగు కొంగలు మూడో స్తంభం దగ్గర నీళ్ళలోకి దిగాయి. తెల్లారేసరికి కొండల వైపు వెళ్ళిపోయాయి. వాటి భార్యలకు కబురు పంపించాను" అని రాశాడట దొర. కొంగలకు కబురేమిటని నేనెప్పుడూ అడగలేదు. మంచు కమ్మిన నది, ముక్కులతో రాళ్ళు మోసే కొంగలు, వాటి మధ్య టోపీ పెట్టుకుని మెల్లగా నడిచే దొర. కళ్ళు మూసుకుంటే చాలు, నా పాదాలు తడిసేవి. లెక్కల క్లాసులో కూడా నేను ఆ ఒడ్డునే ఉండేదాన్ని. మార్కులూ దానికి తగ్గట్టే వచ్చేవి.

ఈ నెలాఖరుకి అత్త రిటైరవుతోంది. ఆవిడ కొట్టినవాటిలోంచి ఏరిన రెండువందల ఉత్తరాలు పుస్తకంగా వస్తున్నాయి. మొదటి పేజీలో, దొర పేరు కింద, నకలు తీసిన మనిషిగా అత్త పేరు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఆఫీసు ఆవిడకి ఇస్తున్న గౌరవం అదొక్కటే. పక్కింటివాళ్ళకి, ఎదురింటివాళ్ళకి, ఇస్త్రీ అతనికి కూడా చెప్పేసింది. అచ్చుకి పోయేముందు పాత నకళ్ళ పుస్తకంతో పోల్చి చూసే పని నాకు పడింది.

ఇప్పుడు మాకొక పద్ధతి ఉంది. ఏ పేజీ చదవాలన్నా దాని వెనక ఒక తెల్లకాగితం దూర్చాలి. లేకపోతే వెనక పేజీ సిరా ముందుకి కనబడుతుంది. నలభై మూడో ఉత్తరం వెనక కాగితం దూర్చాను. కొంగలు మాయమైపోయాయి.

మూడో స్తంభం దగ్గర నీళ్ళలోకి దిగినవాళ్ళు నలుగురు కూలీలు. పైకి రాలేదు. దొర కబురు పంపింది వాళ్ళ భార్యలకు. ఆ మాటల దగ్గర సిరా వెలిసిపోయి, వెనక పేజీలోని కొంగలు నల్లగా కనబడేవి. అత్త కనబడింది కనబడినట్టు కొట్టింది. తిరగేసి చూస్తే ఇలా రెండు పేజీలు కలిసిపోయిన ఉత్తరాలు అరవై దాకా తేలాయి.

రెండు రోజులు నీళ్ళు నమిలాను. మూడో రోజు అత్తే పట్టుకుంది.

"ఏమైందే? అన్నం కెలుకుతున్నావు."

చెయ్యి పట్టుకుని రీడింగ్ రూముకి తీసుకెళ్ళాను. ఆ పేజీ తెరిచి, వెనక కాగితం పెట్టాను. అత్త కళ్ళజోడు తుడుచుకుని చదివింది. మళ్ళీ చదివింది. కిటికీలోంచి వచ్చిన ఎండ బల్ల చివరిదాకా జరిగింది.

"మా రోజుల్లో పుస్తకంలో ఏదీ దూర్చనిచ్చేవాళ్ళు కాదు. పేజీ చిరిగితే ఉద్యోగం ఊడుతుందనేవాళ్ళు," అంది చివరికి.

"తెలుసత్తా. నీ తప్పు లేదు."

"లేకేం. కొంగల భార్యలకు కబురేమిటని ఒక్కరోజైనా అనుకున్నానా? బాగుండేదే, కొడుతుంటే. అంత బాగుంది కాబట్టే ఆగి చూడలేదు." వెనక పెట్టిన కాగితం మెల్లగా లాగి, "మరి ఆ కొంగలు?" అంది.

"అవి నిజమే. పక్క ఉత్తరంలో ఉన్నాయి. తెల్లారి కొండల వైపు ఎగిరిపోతుంటే ఎంత సంతోషం వేసిందో పండితుడికి రాశాడు. రెండూ ఒకే రోజు రాశాడు."

"అదే చేత్తో," అంది అత్త.

రెండు రోజులుగా దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టాను. "ఎవరికీ చెప్పొద్దత్తా. నేను తప్ప ఎవరూ పోల్చి చూడరు. పుస్తకం రానీ. తర్వాత మెల్లగా నేనే దిద్దుతాను." సిగ్గుపడుతూనే అన్నాను. ఆవిడ పేరు అచ్చులో చూడాలని నాకు ఆవిడకన్నా ఆశ.

"అచ్చయ్యాక ఎవరు దిద్దుతారే, పిచ్చిదానా," అని లేచి సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళింది.

పది నిమిషాల్లో వచ్చేసింది. పుస్తకం ఆగిపోయింది. వచ్చే ఏడు ఎప్పుడో వస్తుంది, అప్పటికి ఉద్యోగంలో ఉండదు కాబట్టి మొదటి పేజీలో ఈవిడ పేరు ఉండదు. "పదకొండు రోజులున్నాయి నాకు. నలభై మూడుతో మొదలుపెడదాం. నువ్వు చదువు," అని కంప్యూటరు ముందు కూర్చుంది.

చదివాను. చనిపోయినవాళ్ళ పేర్లు దొర చివర్లో రాశాడు. మొదటి పేరు చదివాను, అత్త కొట్టింది. రెండోది, మూడోది. నాలుగో పేరు దగ్గర సిరా పూర్తిగా వెలిసిపోయింది. దీపం దగ్గరికి లాగాను. భూతద్దం పెట్టాను. ఒక్క అక్షరం కూడా దొరకలేదు.

"అలికిడి లేదేం?"

"కనబడటం లేదత్తా."

వచ్చి తనూ చూసింది. చాలాసేపు చూసింది. నది ఒడ్డున ఎవరో తిరిగొస్తారేమోనని నిలబడ్డ మనిషిలా ఉంది. తర్వాత వెళ్ళి కూర్చుని, నాలుగో మనిషి పేరు చదవలేకపోయాను అని కొట్టింది. దాని కింద తన పేరు కొట్టింది.