కోటు ఎడమ చెయ్యి

కుర్చీల దుకాణం దివాలా తీసింది. దాని అధిపతి, దర్జీకి స్వయానా బావమరిది, అప్పులిచ్చినవాళ్ళ సభకు కొత్త కోటులో విచ్చేయాలని సంకల్పించాడు. పాత చొక్కాతో గడువు అడగడానికి మొహం చెల్లదట.

కోటు సిద్ధంగానే ఉంది. గుడ్డ బావమరిది కొనిచ్చిందే, కుట్టుకూలి మాత్రం రాలేదు. ఆ నెల షాపు అద్దె ఆ కోటులోనే ఇరుక్కుని ఉంది.

కొలతలకొచ్చిన వకీలొకాయన ఒకప్పుడు దర్జీకి చట్టంలో ఒక ముక్క ఉపదేశించాడు. కుట్టిన బట్ట చెయ్యి దాటనంతవరకు, కూలి ముట్టేదాకా దాన్ని అట్టేపెట్టుకునే హక్కు దర్జీది. దాటిందా, దివాలా పంపకంలో బ్యాంకు వగైరా మహారాజుల వెనక ఆఖరి వరుసే గతి. ఆనాటినుంచి దర్జీ తన షాపు కొక్కేన్ని సింహాసనంగా చూసుకుంటున్నాడు.

“ఒక్క పూటకే బావా. వేసుకుని తెచ్చిచ్చేస్తా.”

“కుర్చీలకు చెక్క అరువిచ్చినవాడికీ ఇలాగే చెప్పావటగా.”

“మా తమ్ముడు మీకు పరాయివాడా?” అంది లోపలినుంచి భార్య.

“పరాయివాడైతే ఇచ్చేవాణ్ణే. రేపు అడగడానికి నోరొచ్చేది.”

అయినా ఇంట్లో శాంతీ కావాలి, షాపుకు అద్దే కావాలి. దర్జీ దీర్ఘంగా ఆలోచించి, కోటు ఎడమ చెయ్యి విప్పి, కచ్చా కుట్టుతో మళ్ళీ తగిలించి, ఆ దారం కొసను తన వేలికి చుట్టుకున్నాడు.

“ఈ చెయ్యి ఎత్తకు. నేను వెనకే ఉంటా.”

సభలో బావమరిది రాజఠీవితో మాట్లాడాడు. “పైసాతో సహా తీరుస్తాను” అంటూ ఆవేశంలో రెండు చేతులూ ఎత్తాడు. కుట్టు ఊడి, ఎడమ చెయ్యి మెల్లగా జారి దర్జీ ఒళ్ళో వాలింది. గడువు దొరకలేదు.

ఆస్తులమ్మి పంచడానికి కోర్టు నియమించిన అధికారి, కోటును కూడా అమ్మకంలో చేర్చమన్నాడు.

“చేర్చండి సార్,” అన్నాడు దర్జీ, వేలికున్న దారం చూపిస్తూ. “చెయ్యి మాత్రం నా చెయ్యి దాటలేదు. కూలిచ్చి తీసుకోండి.”

అధికారి చట్టం తిరగేశాడు. దారాన్ని గురించి అందులో ఏమీ లేదు. ఒంటిచేతి కోటును కొనే మనిషీ లోకంలో లేడు. చివరికి అధికారి దర్జీ షరతుకు ఒప్పుకుని చెయ్యి కుట్టించాడు. తొడిగి చూసి మనసు పారేసుకున్న, అప్పిచ్చిన బ్యాంకు ఆఫీసరే కోటు కొన్నాడు. ఆ డబ్బులోంచి దర్జీ కూలి అందరికంటే ముందు ముట్టింది, బ్యాంకు కంటే కూడా.

“భుజం కాస్త బిగువు సార్. వదులు చెయ్యాలంటే కూలి వేరే,” అన్నాడు దర్జీ సూదికి దారం ఎక్కిస్తూ.

పాత చొక్కాలో గుమ్మం దగ్గర నిలబడ్డాడు బావమరిది. “మరి నేను బావా?”

“పద, మీ అక్క అన్నం పెట్టుకుని కూర్చుంది. దానికి వరుసలేం లేవు.”