జేబు కుడివైపు ఉన్న ఫొటో

లోకంలో ఫొటోలు దిద్దేవాళ్లంతా ముడతలు తీసి బతుకుతుంటే, నేను ముడతలు పెట్టి బతుకుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నున్నటి బుగ్గలు అక్కర్లేదు. మొహంలో గీతలన్నీ లెక్కపెట్టుకునేలా ఉండాలి, రంగులు సగానికి సగం వెలిసిపోవాలి, కళ్ల కింద నీడలు చూసి అవతలివాడు ఓ అడుగు వెనక్కి వెయ్యాలి. ఇంట్లో నీళ్ల బకెట్టు కూడా ఎత్తని మనిషి నా చేతిలో పడితే కొండలు పిండిచేసి వచ్చినవాడిలా తయారవుతాడు. మా స్టూడియోలో దీన్ని గరుకు బొమ్మ అంటాం.

ఒక మీట నొక్కితే అయిపోతుందిగా అని ఎవరైనా అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మీట నొక్కితే వచ్చేది మసి. మనిషి రావాలంటే నుదుటి మీద ఒక్కో గీత దగ్గరా ఆగి, అంచున వెలుగు పెంచుకుంటూ, లోపల నీడ దించుకుంటూ రావాలి. పెదవుల్లో ఎరుపు తగ్గించాలి, కానీ శవం పెదవుల్లా కనపడకూడదు. ఒక్క మొహానికి రెండ్రోజులు పడుతుంది. ఆ రెండ్రోజులూ నన్ను పలకరించకపోవడమే మంచిదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అలాంటి నాకు బస్సు డిపో వాళ్లు పదకొండు బొమ్మల పని ఇచ్చారు. అక్కడ గ్యారేజీ పక్కనున్న విశ్రాంతి గదికి కొత్తగా రంగులేశారట. ఒక గోడ నిండా మెకానిక్కుల గరుకు బొమ్మలు పెట్టి, శనివారం పొద్దున్న అందరి ముందూ తెర తీస్తారట. పదిమందివీ వరసగా అయిపోయాయి. వాళ్లలో స్టోరు గుమాస్తా ఒకాయన జన్మలో స్పానరు పట్టినవాడు కాదు, తాళాల గుత్తి తప్ప. ఆయన తన బొమ్మ చూసుకుని, ఇక ఇంట్లో తనని అందరూ మర్యాదగా చూస్తారని ఎంతో సంబరపడిపోయాడు. మిగిలిన ఆ ఒక్కరూ మా పిన్ని.

మా అమ్మకి చెల్లెలు. ఆ గ్యారేజీలో ముప్ఫై ఏళ్లుగా బస్సుల కింద పడుకుని లేస్తున్న మనిషి. ఇంజిను చప్పుడు విని రోగం చెప్పేస్తుంది. ఫొటో అంటే మాత్రం ససేమిరా. పదకొండేళ్ల కిందట ఒక పొద్దున్న లేచేసరికి ఆవిడ మొహంలో ఎడమవైపు పడిపోయింది. మందులతో చాలావరకు తేరుకుంది కానీ, ఎడమ పెదవి మూల కొంచెం కిందికి జారి అలాగే ఉండిపోయింది. నవ్వితే ఎడమ కన్ను చిన్నదవుతుంది. అంతే, మాకెవరికీ అదొక విషయమే కాదు. పిన్నికి మాత్రం అదే లోకం. కూతురి పెళ్లి ఫొటోల్లో కూడా ఆవిడ ఒక్కదాంట్లోనూ లేదు. ఎప్పుడు కెమెరా ఎత్తినా సరిగ్గా అప్పుడే ఆవిడకి వంటింట్లో పని పడేది.

ఇక బాబాయ్. ఆయన దర్జీ. డిపో వాళ్ల ఖాకీ చొక్కాలన్నీ కుట్టేది ఆయనే. సౌమ్యుడు, పిన్ని మాటకి ఎదురుచెప్పడం ఎరగడు. అలాంటాయన ఒక మధ్యాహ్నం కత్తెర పక్కన పెట్టి స్టూడియో మెట్లెక్కి వచ్చాడు. పిన్ని పైకి వద్దంటోంది కానీ గోడ సంగతి రోజుకి నాలుగుసార్లు తనే ఎత్తుతోందని చెప్పాడు. అంతమంది మొహాలూ పెట్టి తనది లేకపోతే ముప్ఫై ఏళ్లూ తను అక్కడ లేనట్టేగా అని మొన్న అన్నం తింటూ అందట. వచ్చే ఏడు ఉద్యోగం అయిపోతుంది, ఇంకో అవకాశం రాదు. అదంతా చెప్పి, చివర్లో తలొంచుకుని, ఆయన దగ్గర కూడా ఆవిడది పదకొండేళ్లుగా ఒక్క ఫొటో లేదన్నాడు.

నేను వెళ్లి పిన్నితో దెబ్బలాడాను. పెద్దా చిన్నా చూడకుండా నోటికొచ్చిందల్లా అన్నాను. ఆవిడా నాకేం తీసిపోలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. నచ్చకపోతే తన కళ్లెదుటే చెరిపేయాలి, ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు.

డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతో, చేతులకి గ్రీజుతో అలాగే వచ్చింది. స్టూలు మీద కూర్చోగానే కుడి చెంప నాకేసి తిప్పింది. నేను తిన్నగా చూడమన్నాను. మళ్లీ తిప్పింది. నాకు కోపం వచ్చి, స్టూలు కాళ్లకి ఇటుకలు పెట్టి బిగించినట్టు మెడని కూడా బిగించాల్సి వస్తుందన్నాను. ఆవిడకి ఒళ్లుమండి తిన్నగా నావైపు గుడ్లురిమింది. అదే నాకు కావలసిన ఫొటో.

రెండ్రోజులు కూర్చున్నాను. ఇంత మంచి మొహం నా చేతికి ఎప్పుడూ దొరకలేదు. కనుబొమల మధ్య నిలువు గీత, ఇంజిన్ల కింద పొగకి నల్లబడ్డ కనురెప్పలు, చెంప మీద ఎప్పుడో చిట్లిన బోల్టు చేసిన గాటు. దేన్నీ దాచలేదు. జారిన పెదవి మూలనీ వదిలేయలేదు, నీడ ఇంకాస్త దించాను. రంగు ఇంచుమించు మొత్తం తీసేసి, ఖాకీలో మాత్రం కొంచెం మట్టి ఛాయ ఉంచాను.

మా పనిలో ఒక అలవాటుంది. గంటల తరబడి ఒకే మొహం చూస్తే కన్ను మొద్దుబారుతుంది, తప్పులు కనపడవు. అప్పుడు బొమ్మని ఎడమ కుడికీ కుడి ఎడమకీ తిరగేస్తాం. కొత్త మనిషి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది, తప్పులు టక్కున బయటపడతాయి. అవి దిద్దుకుని మళ్లీ మామూలుగా తిప్పేస్తాం. గురువారం నేనూ తిరగేసి, చెవి దగ్గర నీడ దిద్దుకుంటూ ఉండగా డిపో నుంచి ఫోను. ఫ్రేముల కొలత మారిందట. పది బొమ్మల అంచులూ మళ్లీ కత్తిరించాలి. ఆ గొడవలో నా తల ప్రాణం తోకకొచ్చింది. పిన్ని బొమ్మ కూడా అదే ఊపులో కత్తిరించి, అచ్చు తీసేశాను.

సాయంత్రం పిన్ని వచ్చింది. బల్ల మీద బొమ్మ చూసి నిలబడిపోయింది. చెరిపేయమంటుందనే అనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని వంగి చూసింది, గాటు మీద వేలు పెట్టి చూసింది.

"ఇది నేనే," అంది. "జబ్బు చేసిన కొత్తలో ఎవరెవరో తీసినవి చూస్తే ఎవరివో అనిపించి చింపేశాను. ఒక్కదాంట్లోనూ నేను లేను. ఇది మాత్రం నేనేనే."

ఆ మాటకి నేను ఎంత ఉబ్బిపోయానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పదకొండేళ్లుగా ఎవరివల్లా కానిది నావల్ల అయిందని స్టూడియోలో అందరికీ వినపడేలా చెప్పుకున్నాను. పిన్ని పెట్టెయ్యండి గోడకి అని, వెళ్తూ వెళ్తూ నా వీపు మీద ఒక్కటి చరిచింది. గ్రీజు మరక ఇంకా పోలేదు.

మర్నాడు ఫ్రేము కట్టడానికి ముందు బాబాయ్ వచ్చాడు. బొమ్మని చేత్తో పట్టుకుని, తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు. బాగుందన్నాడు. ఆ బాగుంది ఎలా ఉందంటే, ఉప్పు లేని కూర తిని బాగుందన్నట్టుంది. నేను ఊరుకోలేదు. రెండ్రోజులు కళ్లు మండిపోయేలా కూర్చున్నానని, ఉన్నదేదో చెప్పమని నిలదీశాను. ఆయన నసిగాడు. మీ పిన్నిలాగే ఉంది కానీ మీ పిన్నిలా లేదన్నాడు. ఆవిడకి కవల చెల్లెలు ఎవరైనా ఉంటే ఇలా ఉండేదేమో అన్నాడు. నాకు ముక్కు మీద కోపం. మీకు ఫొటోల సంగతేం తెలుసు, చొక్కాలు కుట్టుకునేవారికి అనేశాను.

ఆయనకి కోపం రాలేదు. మళ్లీ బొమ్మకేసి చూశాడు. ఈసారి చొక్కాకేసి.

"అమ్మా, ఈ చొక్కా నేనే కుట్టాను. నేను జేబు కుడివైపు పెట్టలేదే."

చూశాను. జేబు కుడివైపు ఉంది. తిరగేసిన బొమ్మ తిరగేసినట్టే ఉండిపోయింది.

కంప్యూటర్లో సరిగ్గా తిప్పాను. జేబు ఎడమకి వచ్చింది, పెదవి మూల ఎడమకి వచ్చింది. బాబాయ్ ఆ తెర చూసి ఇదీ మా ఆవిడ అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పిన్నికి ఎందుకు నచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆవిడ తనని తాను చూసుకునేది అద్దంలోనే. పొరపాటున నేను ఆవిడకి అద్దాన్నే చూపించాను. నా గొప్పతనమంతా అదీ.

బాబాయ్ చెప్పొద్దన్నాడు. తప్పు బొమ్మే గోడకి పెట్టేద్దాం, జేబుని ఎవరు చూస్తారు, ఆవిడ సంతోషంగా ఉంటే చాలు అన్నాడు. పాపం, ఆ మాట అనడం ఆయనకెంత కష్టమో మొహంలోనే తెలుస్తోంది. నేను మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఆ గ్యారేజీలో రోజూ పిన్నిని చూసేవాళ్లు ఎనభైమంది ఉంటారు. వాళ్లందరికీ ఆ గోడ మీద ఎవరో పరాయి మనిషి కనపడుతుంది. ముప్ఫై ఏళ్లు పనిచేసి చివరికి లేని కవల చెల్లెల్ని గోడకి ఎక్కించుకోవాలా? నా తప్పు నేనే చెప్పుకుంటానన్నాను.

మధ్యాహ్నం భోజనం వేళకి పిన్నిని పిలిపించి రెండు బొమ్మలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. సరైన బొమ్మని చూస్తున్నకొద్దీ మొహం వాడిపోయింది. ఇదిగో, నేను చూడలేనిది ఇదే అంది మెల్లగా. తర్వాత బాబాయ్ వైపు తిరిగింది.

"ఏమండీ, మీరు రోజూ చూసేది ఇదా?"

ఆయన అబద్ధం చెప్తాడని నేను భయపడ్డాను. చెప్పలేదు.

"రోజూ ఇదే. నేను పొద్దున్నే లేచి ముందు చూసేది ఇదే. ఆ రెండోదెవరో నాకు తెలీదు."

కింద వీధిలో ఎవరిదో బండి స్టార్టు కాక మొరాయిస్తోంది, మామూలుగా అయితే పిన్ని ఈపాటికి కిటికీలోంచి కేకేసి ఎక్కడ నొక్కాలో చెప్పేది. చెప్పలేదు. సరైన బొమ్మని దగ్గరికి జరుపుకుని, దాన్ని మొదటిసారి తిన్నగా చూసింది. ఆవిడ చూస్తున్నంతసేపూ నేను మాట్లాడకుండా ఉన్నాను, నాకది ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్లని అడగండి.

"దీంతోనేగా ఇన్నాళ్లూ కాపురం చేశారు," అంది చివరికి. "దీంతోనేగా వాళ్లూ నాతో పనిచేశారు. అయితే గోడకి ఇదే పెట్టండి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనపడకుండా జేబు ఎటుందో చూసుకునే జ్ఞానం కూడా లేని నన్ను ఎవరు పనిలో పెట్టుకున్నారో అని ఏదో గొణుగుతూ రెండో బొమ్మ తీసి చింపబోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది నాకియ్యి. దాన్ని ఎరిగినదాన్ని నేనొక్కదాన్నేగా."

బాబాయ్ కుర్చీ జరుపుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ బొమ్మని ఆవిడ చేతిలోంచి తీసుకుని, జేబు సంగతి మర్చిపోయి, మొహాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఉండు, నన్నూ పరిచయం చేసుకోనీ," అన్నాడు.