కాకి ఎగిరే చోటు

ప్రేమదాసు కళ్ళజోళ్ళు తుడుస్తున్నాడు. ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకుని, స్పిరిట్లో ముంచిన దూదితో ఒక్కొక్క అద్దాన్నీ గుండ్రంగా రుద్ది, బల్ల మీద వరసగా బోర్లిస్తున్నాడు. నిన్న నరసరావుపేటలో పెట్టుకున్నవాళ్ళ చెమటా, తలనూనే ఇంకా వాటిని వదల్లేదు. పొద్దెక్కీ ఎక్కకుండానే సత్తెనపల్లి మార్కెట్ యార్డులో సిమెంటు నేల కాలడం మొదలుపెట్టింది. రోహిణి కార్తె. గుడారం లోపల పెద్ద కూలరొకటి గిర్రున తిరుగుతోంది గానీ, దాని మొహం కంప్యూటరు వైపుకూ ప్రొజెక్టర్ల వైపుకూ ఉంది. మిషన్లు వేడెక్కితే ఆగిపోతాయట. మనుషుల సంగతి ఎవరూ చెప్పలేదు.

సన్నగా, పొడుగ్గా ఉంటాడు ప్రేమదాసు. అరవైకి అటూ ఇటూ. విత్తనాల కంపెనీ ఇచ్చిన ఆకుపచ్చ టోపీ కింద ఎడమ కన్ను ఉండాల్సిన చోట చర్మం ముడుచుకుని గుంట పడి ఉంటుంది. దూది తీసే మిల్లులో పనిచేస్తుండగా మిషను పట్టా తెగి మొహం మీద కొట్టింది. వారం పోయాక రమ్మన్నారు. వారం పోయాక వెళితే మిల్లుకు తాళం వేసి ఉంది. గేటు పక్కన చెత్తలో ఆ తెగిన పట్టా ముక్క కనిపిస్తే తెచ్చుకుని, టైరు అట్టలకు వారుగా కుట్టించి చెప్పులు చేయించుకున్నాడు. కన్నుకు బదులు మిల్లు నుంచి అతనికి దక్కింది అదే. మంచి తోలు. ఇన్నేళ్ళయినా తెగలేదు.

ఆ కన్ను లేకపోవడమే ఈ ఉద్యోగానికి పనికొచ్చింది. పనిలో పెట్టుకునే రోజున కంపెనీ ఫీల్డు ఆఫీసరు శ్రీకృష్ణ అతని మొహం చూసి నవ్వాడు. మనవడి ఈడువాడు. "మంచిదే దాసూ. పనొదిలేసి సినిమా చూస్తూ కూర్చోవు," అన్నాడు. పనేమిటో కూడా అప్పుడే చెప్పాడు. "తొడుగు, తుడువు. రైతులతో మాట్లాడకు."

కంపెనీ ఊరూరా తిప్పి చూపించే పరికరాలు మూడు రకాలు. చూసేవాళ్ళనూ మూడు రకాలు చేశారు.

మొదటిది తలకు తొడిగేది. హెల్మెట్టులాగే ఉంటుంది, లోపల కళ్ళకు ఎదురుగా రెండు బుల్లి తెరలు ఉంటాయి. వెనక నుంచి లావుపాటి వైరు తోకలా కంప్యూటరు దాకా వెళుతుంది. పెట్టుకున్నవాడు తల ఎటు తిప్పితే అటు చేను కనిపిస్తుంది. ఇది వ్యానులో మెత్తటి కుర్చీ వేసి డీలర్లకూ, పెద్ద కమతాలవాళ్ళకూ చూపిస్తారు. రెండోది గుడారం. మూడు వైపులా తెరలు కట్టి, ఒక్కొక్క తెర మీదికి రెండేసి ప్రొజెక్టర్లతో బొమ్మ వేస్తారు. నల్లకళ్ళజోడు పెట్టుకుని మధ్యలో నిలబడితే చేను చుట్టూరా లేచి మీదికి వస్తుంది. ఇది చిన్న రైతులకూ, కౌలుకు చేసుకునేవాళ్ళకూ. మూడోది అట్టపెట్టె. రెండు చిల్లుల్లోంచి చూస్తే లోపల పక్కపక్కన అంటించిన రెండు ఫొటోలు ఒకటై లోతుగా కనిపిస్తాయి. ఇది కూలీలకు. చూసి తిరిగి ఇచ్చెయ్యాలి.

మొదట్లో ఈ విభజన లేదు. ఒక ఊళ్ళో మిరపకోతల కూలీ ఒకామె ముచ్చటపడితే ప్రేమదాసు హెల్మెట్టు ఆమె తలకు తొడిగాడు. ఆమె కూర్చున్నచోటే చెయ్యి చాపి గాల్లో కాయలు కోసింది. ఆమె తర్వాత వంతు వచ్చిన ఆసామి, దాన్ని కడిగి తీసుకురమ్మన్నాడు. కరెంటు వస్తువు, కడగడానికి వీల్లేదని శ్రీకృష్ణ చేతులు నలుపుకున్నాడు. మర్నాటి నుంచి రూలు వచ్చింది. తొడిగే చేతులు ఏ పేట నుంచి వచ్చినవో మాత్రం ఏ ఆసామీ అడగలేదు. ఆ చేతులు లేకపోతే అది తలకెక్కదు మరి.

గుడారం ముందు చెప్పులు పోగవుతున్నాయి. ఎవరూ విడవమని చెప్పలేదు. బొమ్మ మొదట మిరప కల్లంతో మొదలవుతుంది. ఎండుతున్న కాయల ఎరుపు కాళ్ళదాకా పరుచుకుని వస్తుంది. కల్లంలోకి చెప్పులతో ఎవరు వెళతారు? మొదటి రోజునే ఒక ముసలాయన తెర చూసి వెనక్కి వచ్చి చెప్పులు విడిచి వెళ్ళాడు. అప్పటి నుంచి ప్రతి ఊళ్ళోనూ అంతే. ప్రేమదాసూ విడిచే లోపలికి వెళతాడు. అతనికి ఆ ఎరుపు కాళ్ళదాకా రాదు. తెర మీద రంగుగానే ఉంటుంది. అయినా కల్లం కల్లమే.

అట్లా విడుస్తూ ఉండగా వెనక నుంచి ఎవరో పలకరించారు. "ఏం ప్రేమదాసూ, టోపీ చూసి కలెక్టరేమో అనుకున్నా."

వెంకటరావమ్మ. అతని ఊరే. భర్త పక్షవాతంతో మంచాన పడ్డ దగ్గర నుంచి కౌలుచేను ఆమే చేయిస్తోంది. ప్రేమదాసు భార్య ఎలీసమ్మ పోయిన కొత్తలో చాలా రోజులు ఆమె ఇంటి నుంచే అతనికి మజ్జిగ వచ్చేది. గిన్నె అరుగు మీద పెట్టి, పిలవకుండా వెళ్ళిపోయేది. ఈ రోజూ చేతిసంచీలోంచి సీసా తీసి అతని చేతికిచ్చింది. మజ్జిగే. అతను సగం తాగి, పక్కనే ఎండలో వరసలో నిలబడ్డ ఒక ముసలామెకు మిగతాది ఇచ్చేశాడు.

వెంకటరావమ్మ గొంతు తగ్గించింది. పోయినేడు కూడా ఇట్లాగే గుడారం వేసి వెండికొండ పత్తి రకం చూపించారనీ, ఆ విత్తనమే వేస్తే కాయ కాసింది గానీ పగల్లేదనీ, మందు మీద మందు కొట్టినా చేను పురుగుపాలైందనీ చెప్పుకొచ్చింది. అవన్నీ ప్రేమదాసుకు తెలుసు. ఎండిపోయిన ఆ కట్టెను పీకి వంటచెరుకుకు మోసింది తనే.

"ఈసారి పాలవెల్లి అంటున్నారు. ఇదీ తప్పితే ఎడ్లనమ్ముకుని కూలికి పోవడమే. నువ్వు రోజూ చూస్తన్నావుగా. ఇదన్నా నిజమేనా?"

"నాకు అందరికీ కనపడ్డట్టు కనపడదు కదమ్మా."

"ఒక కన్నైతే ఏం? చూపు చూపేగా."

అతను జవాబు చెప్పేలోపే శ్రీకృష్ణ వ్యానులోంచి కేకేశాడు. ఆసామి ఒకరు వచ్చారు, హెల్మెట్టు తొడగాలి. ప్రేమదాసు వెళ్ళి, ఆయన తలకు మెల్లగా దించి, గడ్డం కింద పట్టీ బిగించి, తూలిపోకుండా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన అటూ ఇటూ తల తిప్పుతూ ఓహో అంటున్నాడు. వ్యానులో ఏసీ చల్లగా ఉంది. హెల్మెట్టు తీసిన మరుక్షణం శ్రీకృష్ణ కళ్ళతోనే అతన్ని దిగిపొమ్మన్నాడు.

వెంకటరావమ్మ అడిగినదానికి జవాబు అతనికి తెలుసు. తెలిసి కొన్నాళ్ళయింది.

బొమ్మలో కల్లం తర్వాత పత్తిచేను వస్తుంది. విచ్చుకున్న కాయలతో తెల్లగా, అంతు లేకుండా. చేను మధ్యలో ఒక దిష్టిబొమ్మ, దాని చేతి మీద కాకి. కాకి లేచి నేరుగా చూసేవాళ్ళ మొహం మీదికి వస్తుంది. అందరూ కెవ్వుమని తలలు వంచుతారు, నవ్వుకుంటారు. తలలెత్తేసరికి చేను వెళ్ళిపోయి పాలవెల్లి ప్యాకెట్టు తెర నిండా ఉంటుంది. ప్రేమదాసు ఒక్కడి మీదికే కాకి రాదు. రెండు కళ్ళున్నవాళ్ళ కోసం పట్టిన కాకి అది. అతనికి తెర మీదే పెద్దదై, తెర మీదే మాయమవుతుంది. అందుకని అతను తల వంచడు. తల వంచనివాడికి దిష్టిబొమ్మ చొక్కా కనిపిస్తుంది. ఆకుపచ్చ టీషర్టు, గుండెల మీద తెల్లటి కొండ బొమ్మ. పోయినేడు వెండికొండ విత్తనాలు కొన్నవాళ్ళకు కంపెనీ ఊరికే పంచిన చొక్కా. చేను పోయినేటిదే. బొమ్మ పోయినేటిదే. చివర్లో ప్యాకెట్టు ఒక్కటే మార్చారు.

పొరపాటున జరిగిందనుకుని మొన్న శ్రీకృష్ణకు చెప్పాడు కూడా. శ్రీకృష్ణ కంగారుపడలేదు. "ఎవరూ చూడరులే దాసూ. ఆ టైముకి అందరి తలా కిందే ఉంటది," అన్నాడు. ఆ మాటనే ప్రేమదాసు అప్పటి నుంచి తలపోస్తున్నాడు. చదువుకున్న పిల్లవాడు, అతని తండ్రీ ఎక్కడో పత్తే పండిస్తాడట. పండించేవాళ్ళ తలలు ఎప్పుడు వంగుతాయో లెక్కగట్టుకుని, ఆ వంగిన క్షణంలో వాళ్ళ బతుకులు దాటించెయ్యవచ్చునని ఎక్కడ నేర్చుకుని ఉంటాడు?

మధ్యాహ్నపు ఆటకు గుడారం నిండింది. ప్రేమదాసు వరస వెంట కళ్ళజోళ్ళు ఇచ్చుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఉండుండి చెవుల్లో హోరు పుడుతోంది. వెంకటరావమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె కొంగు కొసన ముడి విప్పుతూ కనిపించింది. బయట బల్ల దగ్గర అప్పుడే ప్యాకెట్లు పేర్చారు. అతను కళ్ళజోడు ఆమె చేతిలో పెట్టి, వంగి తుడుస్తున్నట్టు నటిస్తూ అన్నాడు.

"కాకి వచ్చేటప్పుడు ఒక కన్ను మూసుకో అమ్మా. తల వంచొద్దు."

"ఎందుకురా?"

"నాలాగా చూడు."

దీపాలు ఆరాయి. కల్లం ఎర్రగా పరుచుకుంది. జనం ఉత్తకాళ్ళను వెనక్కి లాక్కున్నారు. చేను వచ్చింది. పక్కనున్నవాళ్ళు కాయల్ని పట్టుకోబోయి గాలిని పట్టుకుని నవ్వుకున్నారు. కాకి లేచింది. తలలన్నీ ఒక్కసారిగా వంగాయి. వెంకటరావమ్మ ఒక్కతే నిటారుగా, ఎడమ కంటి మీద అరచెయ్యి కప్పుకుని నిలబడి ఉంది.

"ఆ చొక్కా మా ఆయనది," అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇంట్లో మంచాన పడి అదే తొడుక్కుని ఉన్నాడు. వెండికొండ చొక్కా. ఒక కన్ను మూసుకుని చూడండర్రా. కాకి మీదికి రాదు."

మళ్ళీ వెయ్యమని జనం అరిచారు. కాకిని మళ్ళీ వెయ్యమనడం ప్రతి ఊళ్ళోనూ మామూలే. అందుకని ప్రొజెక్టర్ల దగ్గరున్న జాన్ బాషా ఏమీ అనుమానించకుండా వెనక్కి తిప్పి వేశాడు. ఈసారి గుడారం నిండా జనం ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ప్రేమదాసు తెరవారన నిలబడి వాళ్ళను చూశాడు. ఇన్నేళ్ళుగా తనొక్కడే చూసే లోకంలోకి ఇంతమంది ఒకేసారి వచ్చినట్టు అనిపించింది. కాకి ఎగిరింది. ఒక్క తలా వంగలేదు.

వెనక నుంచి ఒక పెద్దాయన, "పోయినేటి చేనే ఇది. మన నోట మన్ను కొట్టిన చేనే," అన్నాడు. శ్రీకృష్ణ పరుగున వచ్చి జనరేటరు ఆపించాడు. కూలరూ ఆగింది. జనం కళ్ళజోళ్ళు బల్ల మీద పడేసి బయటికి నడిచారు. వెంకటరావమ్మ కొంగుముడి మళ్ళీ బిగించుకుంది.

బయట ఆమె తన చెప్పులు వేసుకుంటూ, పక్కనే ఎండలో ఉన్న ప్రేమదాసు చెప్పుల్ని చూసింది. ఆ తోలు వార్లను ఊళ్ళో గుర్తుపట్టనివాళ్ళు లేరు. ముట్టుకుని చూస్తే పెనంలా ఉన్నాయి. చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండానే రెంటినీ చేత్తో ఎత్తి, గుడారం నీడలోకి జరిపి పెట్టింది. వేసుకునేటప్పుడు కాళ్ళు కాలతాయని. కాసేపు అతని కోసం చూసి, బస్సు వేళకు వెళ్ళిపోయింది.

లోపల శ్రీకృష్ణ ప్రేమదాసుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "కన్ను లేదని జాలిపడి పెట్టుకున్నా నిన్ను."

"ఉన్నదాంతోనే చూశాను సార్," అన్నాడు ప్రేమదాసు. టోపీ తీసి బల్ల మీద కళ్ళజోళ్ళ పక్కన పెట్టాడు.

శ్రీకృష్ణ గుడారం వెనక గుడ్డ పైకెత్తాడు. ముందు నుంచి వెళితే జనం చుట్టుముడతారు, ఇటు నుంచి ఇటే పొమ్మన్నాడు. చెప్పులు ముందున్నాయని ప్రేమదాసు అంటే, తర్వాత పంపిస్తాలే అన్నాడు.

యార్డు సిమెంటు నిప్పులా ఉంది. నీడ కనపడ్డ చోటికల్లా అడుగులు సాగదీసుకుంటూ, నీడ లేని చోట మునివేళ్ళ మీద నడుస్తూ, ఖాళీగా ఉన్న పత్తి షెడ్డు దాకా వెళ్ళాడు. అక్కడి వాచ్‌మన్ సంజీవరావు అతని కాళ్ళు చూసి చెంబుతో నీళ్ళిచ్చాడు. ప్రేమదాసు కొంచెం తాగి, మిగతావి అరికాళ్ళ మీద పోసుకున్నాడు. స్తంభానికి ఆనుకుని కూర్చుని, చల్లగా ఉందయ్యా అన్నాడు. నిద్రపోతున్నాడనుకుని సంజీవరావు ఈగలు వాలకుండా తన తువ్వాలు తడిపి అతని మొహం మీద కప్పాడు. పొద్దు వాలాక లేపబోతే లేవలేదు.

ఆసుపత్రిలో వడదెబ్బ అని రాశారు. ఆ వేసవిలో వడదెబ్బకు చాలామంది పోయారు కాబట్టి ఇంకొకరి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. కూలరు ఎటు తిరిగి ఉండేదని అడగలేదు. మనిషి ఉత్తకాళ్ళతో ఎందుకున్నాడని అడగలేదు. అప్పటికి వ్యాను అద్దంకి దారిలో ఉంది. అక్కడ వేసిన ఆటలో కాకి లేదు. ఆ ముక్క కత్తిరించేశారు. మిగతా చేనంతా అట్లాగే తెల్లగా, అందంగా ఉంది. పాలవెల్లి బాగానే అమ్ముడుపోయింది.

సత్తెనపల్లి యార్డులో గుడారం ఊడదీశాక సిమెంటు మీద నాలుగు గుంజల మరకలు మిగిలాయి. ఆమె జరిపిపెట్టిన నీడ కూడా గుడారంతోనే వెళ్ళిపోయింది. మిల్లు పట్టా వార్ల చెప్పులు రెండూ, కల్లంలోకి వెళ్ళే మనిషి విడిచినట్టే, మొనలు లోపలి వైపుకు తిరిగి ఉన్నాయి.