కుమిస్ ఐస్‌క్రీం

అల్మాటీ ల్యాబ్‌లో రౌషన్ భోంచేసి వచ్చేసరికి తొట్టిలో ద్రవ నైట్రోజన్ సగానికి దిగిపోయింది. ఆ చలిలో మునిగి ఉన్నంతవరకే కాయిల్ ఏ నిరోధమూ లేకుండా కరెంటు మోస్తుంది. బయటపడ్డ చుట్లు మాడి నల్లబడ్డాయి. మూడేళ్ల కష్టం బూడిదపాలైంది.

ఆమె డైరెక్టర్ గదిలోకి దూసుకెళ్లింది. "నైట్రోజన్ ఎవరు తోడారు, అగాయ్?"

"నేనేనమ్మా. మంత్రిగారి మనుషులొచ్చారు. పులిసిన గుర్రప్పాల కుమిస్‌లో అది పోయించి, గడ్డకట్టించి ఐస్‌క్రీం పెట్టాను. గడప తొక్కినవాళ్లకు ఏదో ఒకటి పెట్టొద్దూ?"

"కరెంటు పారుతున్న కాయిల్ తొట్టిలోంచా! మీ బుద్ధి గడ్డి తిందా?"

"నోరు జారకు! వాళ్లెంత మెచ్చుకున్నారో తెలుసా? రేపు మంత్రిగారే వస్తున్నారు, నీ కాయిల్ చూడ్డానికి."

రౌషన్ వెళ్లి, మాడిన కాయిల్‌ను ఊడబెరికి తెచ్చి, ఆయన బల్లమీది ఎంగిలి ఐస్‌క్రీం గిన్నెల మధ్య దబ్బున పడేసింది.

"ఇదిగో. రేపు ఆయనకిది వడ్డించండి."