జీవమ్మ ఉపవాసం

ఆరాధనా, మీ అవ్వ జీవమ్మకు తలలో గడ్డ లేచిన ఏడాది ఎండలు తొందరగా ముదిరాయి. కర్నూలు ఆసుపత్రిలో సీసాతో మందు ఎక్కించేవారు. ఆ మందు గడ్డను కరిగించి, మూత్రంలో బయటికి పోవాలి. ఒంట్లోనే నిలిస్తే కిడ్నీలు చెడిపోతాయి. అందుకే రోజూ రక్తం తీసి, మందు ఎంత మిగిలిందో చూసేవారు.

మళ్లీ మందు పెట్టేముందు స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ శ్రీవాణి ఫిల్మును వెలుతురుకు పట్టి, "చూడు తాతా, గడ్డ సగం కరిగింది" అంది. నాకందులో మబ్బులు తప్ప ఏమీ కనపడలేదు. అయినా ఏడ్చాను.

మళ్లీ ఎక్కించాక, ఈసారి మాత్రం రక్తంలో మందు తగ్గలేదు. మరునాడూ తగ్గలేదు.

"మందు బయటికి పోవాలంటే సీసాతో ఎక్కించే సెలైను ఒక్కటే చాలదు తాతా. నీళ్లు బాగా తాగుతోందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"చెంబులు చెంబులు మోస్తాండా తల్లీ."

"మందు ఇట్లే నిలిస్తే ప్రాణానికే ముప్పు," అని ఆమె దిగులుగా వెళ్లిపోయింది.

వరండాలో కూలబడితే పక్క మంచం హంపమ్మ నవ్వుతూ వచ్చింది.

"ఏమప్పా ఏసేపూ, మీ యామె పుణ్యాన నాకు దప్పికే లేదు. నువ్వు అట్ల తిరిగితే చాలు, నీళ్లన్నీ నాకే పోస్తాండాది!"

పరుగున లోపలికి పోయాను. జీవమ్మ పెదాలు పగిలి ఉన్నాయి. నీళ్లెందుకు తాగలేదని అరిచాను.

"అరవాకు. గడ్డ కరిగిందంటే ఊరికే ఉంటానా? ఈస్టరు దాకా పచ్చి నీళ్లు ముట్టనని దేవునికి మాటిచ్చినా. తప్పితే గడ్డ మళ్లా లేస్తాది."

ఎవరు చెప్పినా వినే మనిషి కాదు. నాకు ఒకటే తోచింది.

"ఆ ఉపవాసం నేనుంటా. ఇచ్చిన మాట మన ఇంటిదే కదా. నువ్వు తాగు."

"నువ్వా? పొద్దున టీ లేకుంటే మంచం దిగవు. దేవునికే నవ్వొస్తాది."

"నవ్వనీలే. కోపం కంటే మేలే."

నా చేతిలోని చెంబు అందుకుంది. గటగటా తాగింది.

నేను చుక్క ముట్టలేదు. మరునాడు డాక్టరమ్మ వచ్చి, "మందు తగ్గుతోంది తాతా, ఇంక భయం లేదు" అంది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. మీ అవ్వ చెంబు నా నోటికి పెట్టింది.

"తాగు. దేవుణ్ణి అడిగినా. నీళ్లు తాగినా ఉపవాసమే అన్నాడు."

"ఆ మాట మొన్ననే అడిగుంటే?"

"నా కోసమని ఎట్ల అడిగేదయ్యా? ముందు తాగు. నువ్వు పడితే లేపేవాళ్లు యాడుండారు ఈడ?"