ఆయన కలిపిన కాఫీ

పొద్దున్నే పరమేష్ కాఫీ కప్పు తెచ్చి చేతికిస్తుంటే రోజారాణికి నవ్వు ఆగేది కాదు. పెళ్ళై రెండు నెలలే. ఆ ఇంట్లో మిగతా అందరూ చాయ్ తాగేవాళ్ళే. "నా ఒక్కదాని కోసం తన చేత్తో కలిపిస్తడే," అని చెల్లెలు భవానికి ఫోన్లో చెప్పుకొని మురిసిపోయేది. జవహర్‌నగర్ చెత్త డంపు కంపు కిటికీలోంచి తోసుకొస్తున్నా, ఆ కప్పులో ముక్కు పెట్టి కళ్ళు మూసుకుంటే చాలు, లోకం కమ్మగా ఉండేది.

తల మాత్రం పగిలిపోయేది. "డంపు వాసనకే. కొత్త గదా, అలవాటైతది," అంటూ అతను నుదురు నొక్కేవాడు. మేడ్చల్ ఆఫీసులో కూర్చున్నచోటే తూగుతుంటే, "రాత్రిళ్ళు పండనిస్తలేడా ఏందమ్మా?" అని ప్రతాప్ సార్ అందరి ముందూ పళ్ళికిలించాడు. ఆమె సిగ్గుపడింది. ఆ సిగ్గులోనూ కాస్త సంతోషమే.

ఆదివారం అతనికీ ఒకసారి కాఫీ రుచి చూపిద్దామని తనే వంటింట్లోకి వెళ్ళింది. సీసా అడుగంటింది. వెతికితే బియ్యం డబ్బా వెనక సగం వాడిన ప్యాకెట్ దొరికింది. ఆర్గానిక్ ఇన్‌స్టంట్ కాఫీ, కెఫీన్ తీసేసినది అని రాసుంది.

"ఇదేంది అత్తమ్మా?"

శంకరమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు. "నీదే. మామూలు కాఫీకి కడుపు జల్దీ నిలవదంట. చెప్తే వినవని నేనే తెప్పిచ్చిన. పరమేషే నీ సీసల పోసి కలుపుతుండు."

పాల ప్యాకెట్‌తో వచ్చిన పరమేష్ నవ్వేశాడు. "నీ మంచికే గద రోజా! కెఫీన్ ఒక్కసారే బంద్ జేస్తే తలనొప్పి వస్తదని సదివిన. పోతదిలే."

తెలుసన్నమాట. తెలిసే నుదురు నొక్కాడు. ఆ వేళ్ళు ఇంకా అక్కడే జిగటగా అంటుకున్నట్టనిపించింది. తల్లీకొడుకులు తన కడుపు గురించి గుసగుసలాడుకోవడం, ఆనక అతను చెంచా తిప్పుతూ నవ్వుమొహం పెట్టుకొని గదిలోకి రావడం, తను ఆ కప్పును ముద్దుగా రెండు చేతుల్లోకి తీసుకోవడం. తాగిన ప్రతి గుక్కా గొంతులోకి ఎగదన్నింది. సింకు దగ్గరికి పరుగెత్తి భళ్ళున కక్కింది.

చిక్కుడుకాయలు నేలపాలయ్యాయి. "నెల తప్పినవా బిడ్డా? సూసినవార పరమేషూ, ప్యాకెట్ పని జేసింది!"

రోజారాణి మూతి కడుక్కుంది. సీసాలో మిగిలింది సింకులో ఒంపి, నీళ్ళు వదిలింది.

"నెల తప్పలేదు అత్తమ్మా, రోత పుట్టింది. పిల్లలెప్పుడో ఇగ నేను చెప్త. అందాక మీ కొడుక్కి హాల్లో పక్కెయ్యుండ్రి."