అరవై గ్రాములు

ఘనం, ద్రవం, వాయువు అని మూడే అయితే మరి ఈ పిండిముద్ద ఎందులోకి వస్తుంది, పుస్తకం రాసినవాళ్ళు ఒక్కసారైనా ముద్దని చేత్తో పట్టుకుని చూసి ఉండరు, బల్లమీద పెడితే పెట్టినచోటే ఉంటుంది కాబట్టి ఘనమే, పావుగంట వదిలేస్తే పక్కలకి జారుతుంది కాబట్టి ద్రవమే, గుడ్డ కప్పి ఉంచితే లోపల గాలి చేరి పొంగుతుంది, మూడూ తనే అయి కూర్చుంటుంది, ఇంత చిన్న సంగతి ఇరవై ఏళ్ళుగా బ్రెడ్ చేస్తూ ఎప్పుడూ ఆలోచించలేదు, ఇప్పుడు ఆలోచించినా ఏమంత వింతగానూ లేదు, నాన్నా, అడుగు, అంటోంది ఎదురుగా కూర్చున్న కూతురు, అడిగాడు కదా, ఏది అడిగాడు, ఐదోది, భౌతిక మార్పుకీ రసాయన మార్పుకీ తేడా ఏమిటి, ఆ పిల్ల చెబుతోంది, మంచు కరిగితే భౌతిక మార్పు, కావాలంటే మళ్ళీ గడ్డకట్టించుకోవచ్చు, కాగితం కాలితే రసాయన మార్పు, బూడిదని మళ్ళీ కాగితం చేయలేం, బాగానే చెబుతోంది, అయితే మాడిపోయిన బ్రెడ్ కూడా రసాయన మార్పే, ఆ లెక్కన తను ఈమధ్య రసాయన మార్పులు దండిగానే చేస్తున్నాడు, నిన్న ఒక ట్రే మొత్తం చేశాడు, నవ్వొచ్చే మాటే, నవ్వు మాత్రం రాలేదు. ఎనిమిది రోజుల్లో పదో తరగతి పరీక్ష, చదువుకోమని బడికి సెలవులిచ్చారు, పొద్దున మొదటి వాయి బ్రెడ్ ఓవెన్ లోంచి దిగాక బేకరీ వెనక గదిలో ఈ బల్ల దగ్గర కూర్చుని నోటు పుస్తకంలోని ఇరవై ప్రశ్నలూ అడగాలి, ఒక్కటి తప్పినా మళ్ళీ ఒకటో ప్రశ్న నుంచి మొదలుపెట్టాలి, అది వాళ్ళమ్మ పెట్టిన పద్ధతి, పిల్ల ఏడ్చి మొత్తుకున్నా వదిలేది కాదు, పిచ్చుకా, మొదటి నుంచి, అనేది, ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ ఉండే పిల్ల కాబట్టి పిచ్చుక, ఇప్పుడు ప్రశ్నలకి జవాబులు తప్ప వేరే మాట లేదు, పేరు మాత్రం అలాగే ఉంది.

ఈ బల్ల ఆమెది, తనది కాదు, పెళ్ళయిన కొత్తలోనే పని పంచుకున్నారు, ఆమె కాటా దగ్గర, తను ఓవెన్ దగ్గర, ఆమె ముద్దలు తూచి అచ్చుల్లో వేస్తే తను కాల్చి దింపేవాడు, కాలేజీ దాకా చదివింది కాబట్టి తూకం ఆమెది, పిల్ల చదువూ ఆమెదే, తొమ్మిదితో ఆపేసినవాడు తను, ఈ ప్రశ్నలన్నీ ఆమె చేత్తో రాసినవే, ఆరోదాని పక్కన నూనె మరక, మూలకం, సమ్మేళనం, మిశ్రమం, ఉదాహరణలతో, మిశ్రమంలో దేని గుణం దానికే ఉంటుంది నాన్నా, విడదీయొచ్చు, సమ్మేళనంలో అలా కాదు, హైడ్రోజన్ మండుతుంది, ఆక్సిజన్ మండిస్తుంది, రెండూ కలిస్తే నీళ్ళు, మంటని ఆర్పే నీళ్ళు, మరి తామిద్దరూ ఏమిటి, ఆమె గలగలా మాట్లాడేది, తను ఊఁ కొట్టేవాడు, ఇన్నేళ్ళు కలిసున్నా ఎవరి గుణం వాళ్ళదే, మిశ్రమమే అయి ఉంటుంది, అందుకే కాబోలు విడదీయడం అంత సులువైపోయింది, మూడు రోజుల జ్వరం, అంతే, నాలుగో రోజు ఆసుపత్రి వరండాలో నర్సు ఏదో చెబుతుంటే తను ఆవిడ చేతిలోని పెన్ను వంక చూస్తున్నాడు, పెన్ను నల్లది, మూత నీలంది, ఎవరిదో మూత మారిపోయింది పాపం అనుకున్నాడు, భార్య పోయిందని చెబుతుంటే మనిషన్నవాడికి తట్టే మాటేనా అది, ఏడు వారాలైంది, ఇప్పటికీ చీమ కుట్టినట్టయినా లేదు, లేస్తున్నాడు, పిండి కలుపుతున్నాడు, పెట్టింది తింటున్నాడు, పడుకుంటున్నాడు. ఇవాళ పొద్దున ఓవెన్ పెద్దాయన, తండ్రి కాలం నుంచీ ఇక్కడే పనిచేస్తున్న మనిషి, ఒక బ్రెడ్ ని అరచేతిలో ఎగరేసి పట్టుకుని, బాబూ, తేలిగ్గా ఉంది, ఒకసారి కాటా మీద పెట్టండి, అన్నాడు, పెట్టాడు, నాలుగొందలు ఉండాల్సింది మూడొందల నలభై ఎనిమిది, ఇంకోటి పెట్టాడు, అదీ అంతే, ముద్ద ఎంత తూస్తున్నారు బాబూ, నాలుగొందలు, అయ్యో, అన్నాడు పెద్దాయన, బ్రెడ్ ని తీసి మెల్లగా ట్రేలో పెట్టేశాడు, కాలేటప్పుడు ఓ అరవై పోతుందని, నాలుగొందల బ్రెడ్ కావాలంటే నాలుగొందల అరవై ముద్ద తూచాలని బ్రెడ్ చేసేవాడిని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, తనకీ తెలుసు, కానీ ఆ అరవై కలుపుకునేది ఆమె, ఇన్నేళ్ళూ తన చేతికి అందింది కాలి దిగిన నాలుగొందలే, ఆ చేతికి అదొక్కటే గుర్తు, ఏడు వారాలుగా అందరికీ తక్కువ తూకం బ్రెడ్ అమ్ముతున్నాడు, ఎవరూ అడగలేదు, మనిషి పోయిన కొట్టు కదా అని ఊరుకున్నారో ఏమో, సిగ్గుపడాల్సిన విషయం, సిగ్గు కూడా రాలేదు.

పదింటికి మరదలు వస్తుంది, ఆమె చెల్లెలు, మంచి మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి, తొమ్మిది రోజుల క్రితం వచ్చి వంటగది అంతా కడిగి, తడి చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడి, బావా, ఏమనుకోకండి, మీరు బండరాయిలా అయిపోయారు, ఈ ఇంట్లో పలికే గొంతే లేదు, ఎదిగే పిల్ల, దాన్ని దాని ఖర్మకి వదిలేస్తారా, నా పిల్లలతో పాటే చూసుకుంటాను, పరీక్షలు కూడా మా ఇంటి నుంచే వెళ్ళి రాస్తుంది, వచ్చే గురువారం పదింటికి వచ్చి తీసుకెళ్తాను, సరేనా, అంది, సరే అన్నాడు, కూర కావాలా అంటే సరే అన్నట్టే అన్నాడు, ఆ మాట బరువు ఎంతో చూసుకోలేదు, పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది, అంతా వింది, ఆ మర్నాడు పొద్దున ఈ నోటు పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టి, అమ్మ అడిగేది, ఇప్పుడు నువ్వు అడుగు, అంది, అడుగుతున్నాడు, ఇవాళ్టికి తొమ్మిదో రోజు, ఇవాళే గురువారం, పక్కగదిలో మంచం మీద సూట్‌కేసు తెరిచి పెట్టి ఉంది, అందులో ఇంకా ఒక్క గుడ్డ కూడా పెట్టలేదు.

పదిహేడోది, నాన్నా, పదిహేడోది అడగాలి నువ్వు, ఆఁ, ఉష్ణమోచక, ఉష్ణగ్రాహక చర్యలు, వేడిని బయటికి వదిలేది మోచకం, చుట్టుపక్కల నుంచి వేడిని లాక్కునేది గ్రాహకం, సున్నంలో నీళ్ళు పోస్తే కుతకుతలాడుతుంది చూడు, అది మోచకం, ఏ మార్పు జరిగినా శక్తి ఇచ్చిపుచ్చుకోవడం ఉండి తీరుతుంది, మరి తనలో ఇచ్చిందీ లేదు, పుచ్చుకుందీ లేదు, అంటే ఏ మార్పూ జరగలేదని రాసుకోవాలా, పద్దెనిమిది చెప్పింది, పంతొమ్మిది చెప్పింది, ఇరవయ్యోది, ద్రవ్యనిత్యత్వ నియమాన్ని ఉదాహరణతో వివరించుము, అన్నాడు, పిల్ల నీళ్ళు నమిలింది, పైకప్పు వంక చూసింది, పెన్సిల్ చివర కొరికింది, గుర్తు రావట్లేదు నాన్నా, మళ్ళీ మొదటి నుంచి అడుగు, రోజూ ఇంతే, పంతొమ్మిదీ టకటకా చెప్పి ఇక్కడికి వచ్చేసరికి తెల్లమొహం వేస్తుంది, జవాబు ఏముందో చూశాడు, ద్రవ్యాన్ని సృష్టించలేము, నాశనం చేయలేము, ఆమె అక్షరాలు, చేయలేము కింద రెండు గీతలు, చదివాడు, మళ్ళీ చదివాడు, ఇది తప్పు, అన్నాడు, ఏది నాన్నా, ఇదే, పుస్తకంలో తప్పు రాశారు, నాలుగొందల అరవై ముద్ద పెడితే నాలుగొందలే చేతికొస్తుంది, బ్రెడ్ చేసేవాడిని ఎవర్నడిగినా చెబుతాడు, అరవై నాశనమైనట్టే, పోయింది పోయినట్టే, నువ్వు కష్టపడి ఇది నేర్చుకోవక్కర్లేదులే, వదిలెయ్, అని పుస్తకం మూయబోయాడు, పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది, మొహం ఎర్రబడింది, ఏంటి నాన్నా నువ్వు, నాశనం ఎక్కడయింది, ముద్దలో నీళ్ళున్నాయా లేదా, ఓవెన్ లో ఆ నీళ్ళు ఆవిరయ్యాయా లేదా, ఈస్ట్ వల్ల పుట్టిన గ్యాసు బయటికొచ్చిందా లేదా, ఆ అరవై గ్రాములూ అవే, ఎక్కడా సందు లేకుండా ఓవెన్ మూసేసి, ఓవెన్ ఓవెన్ గా కాటా ఎక్కించగలిగితే కాల్చకముందు ఎంతో కాల్చాకా అంతే ఉంటుంది, గ్రాము కూడా తేడా రాదు, పోయిందంటావేంటి, ఓవెన్ తలుపు తీసినప్పుడు నీ కళ్ళద్దాల మీద పట్టే తడి ఏంటనుకున్నావ్, ఎక్కడికీ పోలేదు, ఈ గదిలోనే ఉంది, మన కాటా మీద లేదంతే, అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసి ఠక్కున ఆగిపోయింది, పెదవి కొరుక్కుంది, పెన్సిల్ కోసం బల్లంతా వెతికింది, పెన్సిల్ ఆ పిల్ల చేతిలోనే ఉంది.

ఈ జోరు తను విన్నదే, జ్వరానికి ముందు వారం, తను ఓవెన్ దగ్గర ట్రేలు దింపుతుంటే గోడ అవతల ఇదే గొంతు వడగళ్ళు పడ్డట్టు చెప్పుకుపోయింది, ఇరవైకి ఇరవై, ఇక దీన్ని అడగక్కర్లేదండోయ్, అని ఆమె ఇక్కడి నుంచే కేకేసింది, మంచిది, అన్నాడు తను, అంతే అన్నాడు, ఇంకేదైనా అని ఉండాల్సింది, ఫోన్ మోగుతోంది, ఎంతసేపటి నుంచి మోగుతోందో, మరదలు, బావా, బయల్దేరుతున్నాను, పిచ్చుక బట్టలు సర్దుకుందా, పిల్ల బల్లమీది పొడిపిండిని వేలితో ఒకచోటికి చేరుస్తోంది, ఏమీ పట్టనట్టే ఉంది, వేలు మాత్రం ఆగిపోయింది, లేదమ్మా, అన్నాడు, అదేంటి బావా, ఇప్పటిదాకా ఏం చేస్తున్నారు, దానికి ఇరవయ్యో ప్రశ్న రావట్లేదు, అన్నాడు, రోజూ అక్కడే తప్పుతోంది, తప్పితే మొదటి నుంచి అడగాలి, మీ అక్క పెట్టిన పద్ధతి, నేను అడగాలి, ఒక్క ప్రశ్న కోసం పిల్లని అక్కడ కూర్చోబెడతారా బావా, మా ఇంట్లో చదువుకోదా, పోనీ పరీక్షలయ్యాక తీసుకెళ్ళనా, అయ్యాక కూడా పంపను, అన్నాడు, నువ్వు రా, చూసి వెళ్ళు, భోంచేసి వెళ్ళు, పిల్ల ఇక్కడే ఉంటుంది, బావా, మీ గొంతు అదోలా ఉందేంటి, అంది మరదలు, ఏమో అన్నాడు, ఫోన్ పెట్టేశాడు, నోరు ముందు అనేసింది, బుర్రకి ఇప్పుడెక్కుతోంది, భయం వేసింది, ఏడు వారాల్లో మొదటిసారి తనకి ఒకటి తెలిసింది, అది భయం, ఒళ్ళంతా పాకే భయం, ఊరికే నోటికొచ్చిన ఒక్క సరేకి, ఇంకో గంట గడిస్తే ఈ కుర్చీ ఖాళీ అయ్యేది, తను దాని వంక కూడా ఏమీ తోచకుండా చూస్తూ కూర్చునేవాడు, పిల్ల తలెత్తలేదు, ముక్కు ఎగబీల్చి నోటు పుస్తకాన్ని మెల్లగా తండ్రి వైపుకి తోసింది, ఆ పిల్లకి ఇరవై ప్రశ్నలూ ఎప్పుడో వచ్చు, పిన్ని మాట విన్న మర్నాటి నుంచి, తొమ్మిది రోజులుగా, తండ్రి ఈ బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళిపోకుండా, రోజూ తెలిసి తెలిసి ఆఖరిది తప్పుతోంది.